బడి గడప తొక్కాకే సాయం: శ్రీకాకుళం, విజయనగరం కూలి కుటుంబాల లెక్క

పేద కుటుంబాల ఖాతాల్లో సొమ్ము వేసే సభలకు ఉత్తరాంధ్ర కొన్నేళ్లుగా తరచూ వేదికవుతోంది. అమ్మ ఒడి మూడో విడతను 2022 జూన్ 27న శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనూ, నాలుగో విడతను మరుసటి ఏడాది జూన్ 28న కురుపాంలోనూ విడుదల చేశారు. ప్రభుత్వం మారిన తర్వాత ఏటా మూడు ఉచిత గ్యాస్ సిలిండర్ల దీపం-2 పథకం 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది; మత్స్యకారులకు వేట నిషేధ భృతిని 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో అందజేశారు. వేదికల ఎంపికలో రాజకీయం ఎంతైనా ఉండవచ్చు గానీ, రెక్కాడితే గానీ డొక్కాడని కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎక్కువన్న సంగతి అన్ని పార్టీలకూ తెలుసనడానికి ఈ వరుసే సాక్ష్యం. సాయం అందుతోందా లేదా అన్న ప్రశ్నకు ఇక్కడ పెద్దగా అర్థం లేదు. పిల్లలున్న కూలి కుటుంబానికి ఖర్చు మీద పడి, సంపాదన తగ్గే కాలమేది, సాయం చేతికొచ్చే కాలమేది అన్నదే పరిశీలించవలసిన విషయం. ఆ రెండు కాలాలూ చాలా చోట్ల కలవడం లేదు.

ముందుగా అన్నిటికన్నా పెద్ద పథకాన్ని చూడాలి. 2025 జూన్ 12న, బడులు తెరిచే రోజున, తల్లికి వందనం పేరిట 67.27 లక్షల మంది విద్యార్థుల కోసం 42.69 లక్షల మంది తల్లుల ఖాతాలకు 8,745 కోట్ల రూపాయలు విడుదలయ్యాయి. ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు చదివే ఒక్కో బిడ్డకు ఏటా 15,000 రూపాయలు ప్రకటించి, అందులో 2,000 బడుల నిర్వహణకు మినహాయించుకుని 13,000 తల్లికి జమ చేస్తారు. దీనికి ముందున్న అమ్మ ఒడి 2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైంది. అందులోనూ తల్లి పేరిట ప్రకటించింది 15,000 రూపాయలే. మరుగుదొడ్ల నిర్వహణకు ఒక వెయ్యి, తర్వాత బడి నిర్వహణకు మరో వెయ్యి తీసివేయగా, చివరి విడతల్లో చేతికందింది 13,000 రూపాయలే. అంటే పేరు మారినా, ప్రభుత్వం మారినా తల్లి ఖాతాలో పడే అంకె మారలేదు. మారింది లెక్కించే తీరు. అమ్మ ఒడిలో తల్లి యూనిట్. ఇంట్లో ముగ్గురు చదువుతున్నా ఒక్కరికే సొమ్ము. ఇప్పుడు బిడ్డ యూనిట్. ముగ్గురుంటే 39,000 రూపాయలు. 2022 నాటి మూడో విడతలో 43.96 లక్షల మంది తల్లులు లబ్ధిదారులు కాగా 2025లో ఆ సంఖ్య 42.69 లక్షలు. కుటుంబాల సంఖ్య దాదాపు అదే. అదనంగా వెచ్చించిన డబ్బంతా ఇద్దరు, ముగ్గురు బిడ్డలున్న ఇళ్లకు వెళ్లిందన్నమాట. కూలి కుటుంబాల దృష్టితో చూస్తే ఇది కచ్చితంగా మెరుగైన పద్ధతి; రెండో బిడ్డకు పుస్తకాలు, బట్టలు, ఆటో కిరాయి ఉచితంగా రావు.

అయితే 13,000 రూపాయలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,083 రూపాయలు, రోజుకు 36 రూపాయల లోపు. 2020 జనవరి నుంచి 2025 మధ్య నాటికి వినియోగ ధరల సూచీ సుమారు 30 శాతం పెరిగింది. అంకె కదలకుండా ఉన్నచోటే ఉందంటే దాని కొనుగోలు శక్తి ఏటా కొంత కరిగిపోతున్నట్టే. పింఛన్ల విషయంలో ప్రభుత్వాలు పోటీ పడి అంకె పెంచాయి. పిల్లల సొమ్ము విషయంలో అలాంటి పోటీ కనబడదు.

మరో సంగతి తక్కువగా చర్చకు వచ్చింది. 2023 జూన్ నాటి విడత తర్వాత 2025 జూన్ దాకా ఈ పద్దు కింద తల్లులకు ఏమీ రాలేదు. మధ్యలో ఎన్నికలొచ్చాయి, పాత పథకం పోయింది, కొత్తది సిద్ధం కాలేదు. ప్రభుత్వానికి అది పాలనా మార్పిడి. జూన్‌లో సొమ్ము వస్తుందన్న నమ్మకంతో మే నెలలో అప్పు తెచ్చిన ఇంటికి అది ఏడాది పాటు వడ్డీ. చట్టం ద్వారా హక్కుగా వచ్చే సాయానికీ, ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా పథకంగా వచ్చే సాయానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. రేషన్ బియ్యం 2013 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఉన్నందున ఏ ఎన్నికకూ ఆగలేదు.

సొమ్ము వచ్చాక ఎటు పోతుందన్నది బిడ్డ ఏ బడిలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. సర్కారు బడిలో చదివే బిడ్డకు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు, డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం అందుతాయి గనుక 13,000 రూపాయలు ఇంటి ఆదాయంలో కలుస్తాయి. జూన్ నెలలో నాగావళి, వంశధార ఆయకట్టులో నారుమళ్లు వేసే రోజులు; ఆ తర్వాత దమ్ములు, ఉభాలు (నాట్లు). కౌలు రైతు ఇంట్లో ఈ డబ్బు విత్తనాలకో, ట్రాక్టరు కిరాయికో మళ్లితే దాన్ని దుర్వినియోగం అనడం సబబు కాదు. పంట చేతికొస్తేనే ఆ బిడ్డ బడిలో నిలుస్తాడు. ప్రైవేటు బడిలో ఉన్న బిడ్డకైతే సొమ్ము తల్లి ఖాతా మీదుగా మొదటి టర్మ్ ఫీజు కింద బడికి చేరిపోతుంది. విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్ల రుసుమును సైతం అమ్మ ఒడి సొమ్ములోంచే తల్లిదండ్రులు కట్టాలని 2023లో ఉత్తర్వులు వెలువడ్డాయి. రెండు వేర్వేరు హక్కులుగా రావలసినవి అలా ఒకే సొమ్ముగా ముడిపడ్డాయి.

ఇంతవరకు చెప్పినదంతా ఒకటో తరగతిలో చేరిన బిడ్డ గురించి. అసలు చిక్కు అంతకు ముందుంది.

కూలి పనికి పోయే తల్లికి కాన్పు అంటే కొన్ని నెలల ఆదాయం పోవడం. సంఘటిత రంగంలో ఉద్యోగం చేసే స్త్రీకి 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు, పూర్తి జీతంతో. పైడిభీమవరం పారిశ్రామిక వాడలో ఈఎస్ఐ వర్తించే ఉద్యోగికి ఇది దక్కుతుంది. అదే రణస్థలం మండలంలో మొక్కజొన్న చేల్లో కూలికి వెళ్లే స్త్రీకి దక్కేది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి: గర్భం నమోదై, ఒక పరీక్ష జరిగాక 3,000, బిడ్డ జననం నమోదై తొలి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మగపిల్లవాడు పుడితే ఏమీ లేదు. మూడో కాన్పు పథకంలోనే లేదు. ఈ లెక్కను కూలి రేటుతో పోల్చి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. 2025–26లో రాష్ట్రంలో ఉపాధి హామీ దినసరి కూలి 307 రూపాయలు. 5,000 రూపాయలంటే 16 రోజుల కూలి. ఉద్యోగికి ఇచ్చే 26 వారాలను, వారానికి ఆరు రోజుల చొప్పున, ఇదే కూలితో గుణిస్తే 47,892 రూపాయలు. ఒకే జిల్లాలో, ఒకే ఆసుపత్రిలో పక్క పక్క మంచాల మీద పురుడు పోసుకున్న ఇద్దరికి ప్రభుత్వ వ్యవస్థ చూపే తేడా అది.

ఆహార భద్రతా చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రసూతి సాయం 6,000 రూపాయలకు తగ్గరాదని చెబుతుంది. 2017లో పథకం వచ్చేటప్పుడు 5,000గా నిర్ణయించి, మిగిలినది జననీ సురక్షా యోజనతో పూరుతుందన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో జననీ సురక్ష కింద పల్లెలో వచ్చేది 700 రూపాయలు. కలిపితే 5,700. చట్టం నాటి అంకెకే 300 తక్కువ. పన్నెండేళ్ల ధరల పెరుగుదల సంగతి సరే సరి. సరిహద్దుకు అవతల ఒడిశాలో మమత పథకం 2011 నుంచే మొదటి రెండు కాన్పులకూ, పుట్టింది ఆడబిడ్డా మగబిడ్డా అన్న భేదం లేకుండా సాయం ఇస్తూ వచ్చింది. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న పథకంలో నగదు, పోషకాహార కిట్లు కలిపి విలువ 18,000 రూపాయలు. ఇచ్ఛాపురం ప్రాంతంలో చుట్టరికాలు సరిహద్దుకు రెండు వైపులా ఉంటాయి గనుక ఈ తేడాలు అక్కడి ఆడవాళ్లకు కొత్త విషయమేమీ కాదు. ఇంకో వైరుధ్యం కూడా ఉంది. ఇద్దరు పిల్లలకు మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. జనాభా తగ్గుదలపై ప్రభుత్వ పెద్దలు తరచూ ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. మూడో బిడ్డను కనమంటున్న రాష్ట్రంలో మూడో కాన్పుకు మాతృ వందన నగదు లేకపోవడం విడ్డూరం.

కాన్పు తర్వాత పనిలోకి ఎప్పుడు పోవాలన్నది బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది. పలాస–కాశీబుగ్గలో జీడి పరిశ్రమ వేలాది మంది స్త్రీలకు బతుకుతెరువు. గింజ కొట్టేచోట తొక్కలోంచి కారే జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు బూడిదో ఆముదమో పూసుకుని కూర్చుంటారు. పప్పు మీద పొర తీసి, గుండ్లు, బద్దలు వేరు చేసే పని కాస్త నయం. కూలి చేసిన పని లెక్కన ఉంటుంది గనుక బిడ్డకు పాలివ్వడానికి లేచిన ప్రతిసారీ ఆ రోజు సంపాదన అంత మేర తగ్గుతుంది. సొన తగులుతుందన్న భయంతో పసిబిడ్డను పక్కన పడుకోబెట్టే వీలూ ఉండదు. ఇలాంటి చోట క్రెష్, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రం, నగదు సాయమంత విలువైనది. ఒక విధంగా అంతకన్నా విలువైనది. నగదు పోయిన కూలిని కొంత పూరిస్తుంది, క్రెష్ కూలి పోకుండానే కాపాడుతుంది.

చట్టంలో క్రెష్ ఎన్నడో ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో అది ఉండాలని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆ హద్దును 50 మంది పనివారిగా మార్చాయి. హద్దు ఏదైనా, చిన్న జీడి బట్టీలు, ఇంటి దగ్గర పప్పు వలిచే పని, ఇటుకల బట్టీలు, పొలాలు దాని కిందికే జారిపోతాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో దీనికో చక్కటి ఏర్పాటు ఉండేది: ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి పని స్థలానికి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి కట్టివ్వాలి. విజయనగరం జిల్లా ఆ పథకం తొలి విడతలోనే, 2006 ఫిబ్రవరిలో, చేరింది. శ్రీకాకుళం రెండో విడతలో వచ్చింది. చెరువు పూడిక పనుల్లో మంచినీటి కుండ, ప్రథమ చికిత్స పెట్టె అప్పుడప్పుడైనా కనబడ్డాయి గానీ, పిల్లల్ని చూసే మనిషి కనబడడం అరుదు. చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి, కాస్త పెద్దదైన పిల్లను కాపలా ఉంచడమే వాడుక. ఆ కాపలా ఉన్న పిల్ల ఆ రోజు బడికి పోలేదన్న సంగతి ఏ హాజరు పట్టీలోనూ కారణంగా నమోదు కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది చేసి పని దినాలను 125కు పెంచింది. పసిపిల్లల ఏర్పాటు కాగితం మీదే ఉండిపోతే దినాలు పెరిగినా పసిబిడ్డ తల్లికి ఒరిగేది కొద్దే.

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం కింద రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య, గుడ్లు, పాలు. ఈ వ్యవస్థ లేకపోతే పరిస్థితి చాలా అధ్వాన్నంగా ఉండేదన్నది ఒప్పుకోవాలి. కానీ మూడేళ్ల లోపు బిడ్డకు కేంద్రం ఇచ్చేది ఇంటికి పట్టుకెళ్లే సరుకు మాత్రమే. బిడ్డను అక్కడ ఉంచుకోరు. మూడేళ్లు దాటిన బిడ్డను ఉంచుకున్నా, కేంద్రం వేళలకూ కూలి వేళలకూ పొంతన ఉండదు. అంగన్‌వాడీకి క్రెష్‌ను జోడించే పాల్నా పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి మిషన్ శక్తిలో భాగంగా నడుపుతోంది. జీడి, జూట్, ఇటుక పనుల ఊళ్లకు ముందుగా ఇవ్వవలసిన ఏర్పాటు ఇదే.

వయసు హద్దు తర్వాత చూడవలసింది ఆదాయపు హద్దు. తల్లికి వందనానికి పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలకు లోబడిన కుటుంబ ఆదాయం ఉండాలి. 2019లో నిర్ణయించిన ఈ పరిమితి నేటికీ అదే. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వం నిర్ణయించిన ఉపాధి హామీ కూలికే నెలలో 25 రోజులు పనిచేశారనుకుంటే వారి ఆదాయం 15,350 రూపాయలు. పరిమితికి ఒకటిన్నర రెట్లు. నిజానికి ఏ ఊళ్లోనూ అన్ని రోజులు పని దొరకదు. అయినా, ఇద్దరూ నిండుగా పనిచేసే కుటుంబం కాగితం మీద పేదది కాకుండా పోయే పరిమితి అది. అంగన్‌వాడీ కార్యకర్తకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం 11,500 రూపాయలు. పల్లెలో పథకాల పరిమితి 10,000. ఈ కారణంగానే వారి అర్హత ఏళ్ల తరబడి వివాదంగా నడిచింది.

ఆదాయాన్ని నిజంగా కొలిచే సాధనం ప్రభుత్వం దగ్గర లేదు. అందుకే దాని బదులు ఆనవాళ్లను చూస్తుంది: మూడెకరాల మాగాణి, పదెకరాల మెట్ట, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్ల విద్యుత్తు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి లేదా పింఛనుదారు, ఆదాయపు పన్ను. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకూ పారిశుద్ధ్య కార్మికులకూ మినహాయింపు ఉంది. గ్రామ సచివాలయం గోడకు అంటించిన అనర్హుల జాబితాలో పేరు పక్కన ఒక కారణం ఉంటుంది, చాలాసార్లు ఒక్క ముక్కలో. ఉమ్మడి ఇంట్లో మూడు పొయ్యిలు వెలిగి మీటరు ఒక్కటే ఉంటే వేసవి నెలల వాడకం ఒక్కరి ఆధార్ మీదికి ఎక్కుతుంది. అద్దె ఇంటి మీటరు యజమాని పేరిట ఉండి, ఆధార్ అనుసంధానం తప్పుగా జరిగినా అంతే. కొడుకు విశాఖలో లారీ కొనడానికి పన్ను రిటర్ను వేస్తే ఊళ్లో కోడలికి సొమ్ము ఆగవచ్చు, రేషన్ కార్డు ఒక్కటే అయితే. దీనికి జనం కనిపెట్టిన ఉపాయం కార్డు విడగొట్టుకోవడం. పెళ్లైన వెంటనే వేరు కార్డుకు దరఖాస్తు పెట్టే ఆనవాయితీ వెనక ఈ లెక్కే ఉంది. ఇవన్నీ దాటాక ఇంకో మెట్టు మిగులుతుంది. సొమ్ము వెళ్లేది బ్యాంకు చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ సంస్థ వద్ద ఆధార్‌తో చివరిగా అనుసంధానమైన ఖాతాకు. మూడు బ్యాంకుల్లో ఖాతాలున్న తల్లి తన సొమ్ము ఎందులో పడిందో తెలియక జూన్ నెలలో బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి ఒక్కొక్కటే చూసుకోవలసి వస్తుంది. అభ్యంతరాలకు గడువు ఇచ్చారు, వాట్సాప్‌లో ప్రభుత్వ సేవ మనమిత్ర ద్వారా స్థితి చూసుకునే వీలూ కల్పించారు. ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే సంగతి.

ఈ హద్దుల్లోని దోషం వాటి అంచు నిటారుగా ఉండడమే. గీతకు ఇవతల ఇద్దరు బిడ్డల ఇంటికి 26,000, అవతల సున్నా. మధ్యలో మెట్లు లేవు. పని చేసే పేద కుటుంబాలకు సాయం విషయంలో ఇతర దేశాలు ఈ చిక్కును మరో విధంగా ఎదుర్కొన్నాయి. అమెరికాలో 1975లో మొదలైన ఆర్జిత ఆదాయ పన్ను రాయితీ, సంపాదన పెరిగే కొద్దీ ముందు పెరిగి, కొంత దూరం నిలకడగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. బ్రిటన్‌లో 1999లో వచ్చిన పని కుటుంబాల పన్ను రాయితీ రూపాలు మారుతూ చివరికి యూనివర్సల్ క్రెడిట్‌లో కలిసింది. అక్కడ నిర్ణీత మొత్తం దాటి సంపాదించే ప్రతి పౌండుకూ సాయంలో 55 పెన్నీలు తగ్గుతాయి తప్ప సాయం ఒక్కసారిగా ఆగిపోదు. అయితే ఆ దేశాల్లో కూలి యజమాని ద్వారా పన్ను శాఖ లెక్కలోకి చేరుతుంది. పొందూరులో నూలు వడికే స్త్రీ సంపాదన గానీ, బొబ్బిలిలో తాపీ మేస్త్రి సంపాదన గానీ ఏ లెక్కలోనూ ఉండదు. కనుక ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవాలనడం ఊహే. చేయగలిగినది ఒకటుంది: ఒక ఏడాది అర్హతలో ఉన్న కుటుంబం మరుసటి ఏడాది ఏదో ఒక ఆనవాలు వల్ల గీత దాటితే వెంటనే సున్నాకు దించకుండా, ఒకటి రెండేళ్లు సగం సొమ్ము కొనసాగించడం. దీనికి కొత్త సమాచారం అక్కర్లేదు. పాత జాబితా చాలు.

వలస ఈ జిల్లాల కథలో విడదీయలేని భాగం. సంక్రాంతి వెళ్లాక, పొలం పనులు ముగిశాక హైదరాబాదు, విజయవాడ, చెన్నై దారి పట్టే భవన నిర్మాణ కూలీలు ఉన్నారు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లే మత్స్యకారులు ఉన్నారు. అలా వెళ్లి 2018 చివర పాకిస్తాన్ జలాల్లో పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. తల్లికి వందనం నిబంధన ప్రకారం బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 220 పని దినాలనుకుంటే 55 దినాల గైర్హాజరుతో ఆ హద్దు చేరుతుంది. అంటే తొమ్మిది వారాల వలస. ఫిబ్రవరిలో బయలుదేరి పిల్లల్ని వెంట తీసుకుపోయిన ఇంటికి ఏప్రిల్ నాటికే అర్హత చేజారుతుంది. పిల్లల్ని హైదరాబాదులోనే బడిలో వేస్తే అసలు అర్హతే ఉండదు, పథకం రాష్ట్రంలోని బడులకే గనుక. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పుణ్యమా అని బియ్యం మాత్రం కూకట్‌పల్లిలోనైనా తీసుకోవచ్చు. బియ్యం వెంట నడుస్తుంది, బిడ్డ సొమ్ము నడవదు. తాత, అమ్మమ్మల దగ్గర పిల్లల్ని వదిలి వెళ్లడమే చాలా కుటుంబాలు ఎంచుకునే దారి. వలస కాలంలో పిల్లల్ని ఊళ్లోనే ఉంచేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. దాన్ని జనవరి మొదటి వారానికే తెరిచి సిద్ధంగా ఉంచితే హాజరు నిబంధనకూ న్యాయం జరుగుతుంది.

కాలం తెలిసి ఇచ్చిన సాయం ఎలా ఉంటుందో చూడాలంటే వేట నిషేధ భృతిని చూడాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలు పడవ కదలదు, ఇంట్లోకి రూపాయి రాదు. గతంలో 10,000గా ఉన్న భృతిని 20,000కు పెంచి, 2025లో నిషేధం మొదలైన పన్నెండో రోజునే ఇచ్చారు. పని ఆగిన కారణం తెలుసు, ఎన్నాళ్లు ఆగుతుందో తెలుసు, సొమ్ము ఆ లోపలే వచ్చింది. ఇక్కడి పడవల మీద నమోదు లేక వెరావల్ పోయినవారికి అందకపోవడం వంటి లోపాలు ఉన్నా, రూపకల్పనలో ఈ పథకం మిగతావాటికన్నా ఒక మెట్టు పైనే ఉంది. కాన్పు కూడా సరిగ్గా అలాంటిదే: పని ఎప్పుడు ఆగుతుందో నెలల ముందే తెలుస్తుంది, ఆ వివరం ఆశా కార్యకర్త రిజిస్టరులో తేదీతో సహా ఉంటుంది. సముద్రం మీద వేట ఆగితే 61 రోజులకు 20,000 ఇవ్వగలిగిన వ్యవస్థ, పొలంలో కోత ఆగితే ఆరు నెలలకు 5,000తో సరిపెట్టడానికి ఆర్థిక కారణం కన్నా అలవాటే ఎక్కువగా కనబడుతుంది. మత్స్యకారులు ఒక సమూహంగా అడిగారు. బాలింతలు సమూహం కారు.

దీపం సిలిండర్లు, 2025 ఆగస్టు 15 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం, అయిదు కిలోల ఉచిత బియ్యం కుటుంబ ఖర్చును తగ్గించేవే. వాటిలో బస్సు పని చేసే తల్లికి నేరుగా ఉపయోగపడుతుంది. నెల్లిమర్ల నుంచి విజయనగరం మార్కెట్టుకో, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం దుకాణాలకో రోజూ వెళ్లివచ్చే స్త్రీకి మిగిలే చార్జీ నెలకు వెయ్యి రూపాయల దరిదాపుల్లో ఉంటే, అది ఒక బిడ్డ తల్లికి వందనంతో సమానం. పైగా నెలనెలా మిగులుతుంది, అర్హత పరిశీలన లేకుండా.

డబ్బెక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనదే. లక్ష మంది బాలింతలకు ఇప్పుడున్న కేంద్ర సాయానికి అదనంగా నెలకు 2,000 చొప్పున ఆరు నెలలు ఇస్తే అయ్యేది 120 కోట్ల రూపాయలు. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో వేసిన 8,745 కోట్లతో పోలిస్తే అది ఒకటిన్నర శాతానికి లోపే. బడికెళ్లే బిడ్డ సొమ్మును 13,000 నుంచి ఒక్క వెయ్యి పెంచాలన్నా 672 కోట్లు కావాలి. అదే 672 కోట్లతో, పైన చెప్పిన చొప్పున, ఐదున్నర లక్షల మంది బాలింతలకు ఆరు నెలలు గడుస్తాయి. తల్లికి వందనం అంకె పెంచాలన్న డిమాండు రేపో మాపో రాక తప్పదు, ధరలు ఊరుకోవు గనుక. ఆ చర్చ వచ్చినప్పుడు తొలి వెయ్యి కోట్లు ఒకటో తరగతికి ముందున్న ఐదేళ్లకు కేటాయించాలా, తర్వాతి పన్నెండేళ్లకు చేర్చాలా అన్నది ఎంచుకోవలసి ఉంటుంది. పలాస పప్పు షెడ్డుల్లోనూ, రాజాం, బొబ్బిలి ప్రాంత జూట్ మిల్లుల్లోనూ పనిచేసే ఆడవాళ్ల దృష్టితో చూస్తే మొదటిదే సరైనది; అందులోనూ సగం నగదుగా, సగం పని వేళలకు సరిపోయేలా తెరిచి ఉండే క్రెష్‌లుగా.

అది జరగాలంటే ముందు ఏ ఊళ్లో, ఏ పనిలో, మూడేళ్ల లోపు బిడ్డలున్న తల్లులు ఎందరున్నారో తెలియాలి. ఆ లెక్క రెండు చోట్ల విడివిడిగా ఇప్పటికే ఉంది: అంగన్‌వాడీ రిజిస్టరులో బిడ్డ పేరు, సచివాలయం కుటుంబ సమాచారంలో తల్లి వృత్తి. అర్హతలకు కోత వేయడానికి విద్యుత్తు మీటరునూ ఆధార్‌నూ కలపగలిగిన యంత్రాంగానికి ఈ రెంటినీ కలపడం కష్టమైన పని కాదు.